బ్రెయిల్ డిస్‌ప్లే డ్రైవర్‌కి సిగ్నేచర్ లేదని విండోస్ ఆపేస్తుంటే

పాత బ్రెయిల్ డిస్‌ప్లేకి (స్క్రీన్ మీది అక్షరాలను వేలితో తడిమి చదివే చుక్కలుగా చూపే పరికరం) డ్రైవర్ వేస్తుంటే డిజిటల్ సిగ్నేచర్ (డ్రైవర్ ఎవరిదో, మధ్యలో మారలేదో చూపే ముద్ర) లేదని విండోస్ ఆపేస్తోంది, ఆ తనిఖీనే తీసేయాలా అని అడిగారు. నా డిస్‌ప్లేతో నేనూ ఇదే గొడవ పడ్డాను. తయారు చేసిన కంపెనీ ఆ మోడల్‌కి కొత్త డ్రైవర్ ఇవ్వడం ఎప్పుడో మానేసింది. తనిఖీ తీసేయడం మాత్రం ఆఖరున చూడండి. చాలామందికి అంతదాకా వెళ్లే అవసరమే రాదు.

మీ డిస్‌ప్లేకి బ్లూటూత్ ఉంటే ముందు దాన్నే ప్రయత్నించండి. విండోస్‌లో పెయిర్ చేసి, ఎన్‌వీడీఏ (స్క్రీన్ మీది చదివి వినిపించే ప్రోగ్రామ్) బ్రెయిల్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ పెడితే చాలా మోడళ్లకి చాలు, యూఎస్‌బీ డ్రైవర్ జోలికే పోనక్కర్లేదు. కొంచెం కొత్త మోడల్ అయితే మెనూలో హెచ్‌ఐడీ మోడ్ ఉందేమో వెతకండి. 2018లో యూఎస్‌బీ ప్రమాణాల్లో బ్రెయిల్ డిస్‌ప్లేలకీ చోటిచ్చారు. ఆ మోడ్‌లో అది కీబోర్డులాగే వేరే డ్రైవర్ అడగకుండా పనిచేస్తుంది.

ఈ రెండూ లేకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీ చదవండి. పాత డిస్‌ప్లేలు చాలావాటిలో యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే మామూలు చిప్పే ఉంటుంది. ఐడీలో వీఐడీ (తయారీదారు నంబర్) 0403 అయితే ఎఫ్‌టీడీఐ, 10సీ4 అయితే సిలికాన్ ల్యాబ్స్. చిప్ తయారీదారుల సైట్లలో సిగ్నేచర్ ఉన్న డ్రైవర్లు దొరుకుతాయి. కాకపోతే డిస్‌ప్లే కంపెనీ చిప్‌కి తన సొంత పీఐడీ (మోడల్ నంబర్) పెట్టుకుని ఉంటే ఆ డ్రైవర్ దాన్ని గుర్తుపట్టదు. అప్పుడు ఐఎన్‌ఎఫ్ ఫైల్‌ని (ఏ పరికరానికి ఏ డ్రైవర్ వేయాలో విండోస్‌కి చెప్పేది) ఎడిట్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒక్క అక్షరం మారినా, సిగ్నేచర్ ఉండే క్యాటలాగ్ ఫైల్‌తో సరిపోక, ఉన్న సిగ్నేచర్ కూడా చెల్లకుండా పోతుంది. జిప్‌లోంచి అన్ని ఫైళ్లూ బయటికి తీశారా అన్నది కూడా చూసుకోండి. క్యాటలాగ్ ఫైల్ పక్కన లేకపోయినా విండోస్ అదే మాట అంటుంది.

ఇక ఏ దారీ లేదనుకుంటే: షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆ తర్వాత వచ్చే స్క్రీన్‌లో 7 నొక్కండి, సిగ్నేచర్ తనిఖీని ఆపేది అదే. మొదటి రీస్టార్ట్ తర్వాత వచ్చే ఈ స్క్రీన్లలో ఎన్‌వీడీఏ పలకదు, బ్రెయిల్ కూడా రాదు. చూపున్న వాళ్లు ఒకరు పక్కన గానీ వీడియో కాల్‌లో గానీ ఉంటే టెన్షన్ తగ్గుతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే దగ్గర పెట్టుకోండి, మధ్యలో అడగొచ్చు.

ఈ సడలింపు మళ్లీ రీస్టార్ట్ చేసేదాకానే. అందుకే కొందరికి డ్రైవర్ పడుతుంది, మర్నాడు కోడ్ 52 (సిగ్నేచర్ సరిచూడలేకపోయానని విండోస్ చెప్పే ఎర్రర్) వస్తుంది. ప్యాకేజీలో ఉన్నది ఐఎన్‌ఎఫ్ మాత్రమే అయి, అది విండోస్ సొంత డ్రైవర్‌నే వాడుకుంటుంటే, ఒకసారి ఇన్‌స్టాల్ అయ్యాక రీస్టార్ట్ చేసినా పనిచేస్తుంది. కంపెనీ సొంత సిస్ ఫైల్ (డ్రైవర్ అసలు ప్రోగ్రామ్) ఉండి దానికి సిగ్నేచర్ లేకపోతే 64 బిట్ విండోస్ ప్రతి బూట్‌కీ దాన్ని ఆపుతుంది. అలాంటప్పుడు సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రామ్‌లనే నడవనిచ్చే రక్షణ) ఆపి, ఈ తనిఖీ ఎప్పుడూ సడలి ఉండే టెస్ట్ మోడ్‌లో ఉండమంటారు. రోజూ బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో నేనైతే అలా చేయను, మీరూ చేయొద్దు.

మీ డిస్‌ప్లే మోడల్, హార్డ్‌వేర్ ఐడీ, విండోస్ వెర్షన్ ఇక్కడ రాయండి. ఏ దారిలో వెళ్లాలో చూసి చెప్తాను.