ముందు మీ అమ్మగారితో మాట్లాడండి

రాజమండ్రిలో ఉండే మా అన్నయ్య గుండెపోటుతో పోయి వారమైంది. వదినకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఆమె పక్కన కూర్చుంటే నాకు మాట పెగలడం లేదు. అమ్మేమో వచ్చినవాళ్లందరి ముందూ 'దీని జాతకమే నా కొడుకును మింగింది' అంటోంది. పదో రోజు గాజులు తీయించాల్సిందేనని పట్టు పట్టింది. అమ్మకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. వదినను ఏమని ఓదార్చాలి?
— ఒక సోదరి

ఏమీ అనకండి. 'ధైర్యంగా ఉండు', 'పిల్లల మొహం చూసి బతకాలి' అన్నవి ఆమె ఈపాటికి వినీ వినీ విసిగిపోయి ఉంటుంది. వేళకు ఇంత పెరుగన్నం కలిపి పెట్టండి, రాత్రి పక్కన పడుకోండి. అర్ధరాత్రి లేచి అన్నయ్య ఊసెత్తితే మాట మార్చకుండా వినండి. డెత్ సర్టిఫికెట్, బ్యాంకు, ఇన్సూరెన్స్ పనులకు మీవారిని తిరగమనండి.

అసలు సంగతి అమ్మగారిది. ఆవిడ ఆ మాట అంటుంటే మీరేం చేశారో రాయలేదు. ఊరుకున్నారని అర్థమైంది. కడుపుకోత చిన్నదని నేననను. అయినా కోడలిని నలుగురిలో అంత మాట అనే హక్కు దానివల్ల రాదు. సొంత కూతురు పక్కనే ఉండి నోరు మెదపకపోతే, మీరూ అదే అనుకుంటున్నారని వదిన అనుకోదా? ఆ తర్వాత మీరెన్ని మంచి మాటలు చెప్పినా ఆమె చెవికెక్కవు.

ఈ రాత్రే అమ్మను గదిలోకి తీసుకెళ్లి, చెయ్యి పట్టుకుని చెప్పండి: 'అమ్మా, అన్నయ్య గుండెపోటుతో పోయాడు. ఇంకోసారి వదినను ఆ మాట అంటే అందరి ముందే అడ్డం పడతాను.' ఏడిస్తే ఏడవనివ్వండి, మీరూ ఏడవండి. చెప్పిన మాట మీద మాత్రం నిలబడండి.

గాజులంటారా, ఎవరూ లేనప్పుడు వదిననే అడగండి. ఆమె వద్దంటే వద్దు, అంతే. 1881లో వీరేశలింగం గారు వితంతువుకు పెళ్లి చేయించిన ఊరమ్మా అది! అంతెందుకు, 2022లో మహారాష్ట్రలో హేర్వాడ్ అనే పల్లెటూరి పంచాయతీ గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం ఇక వద్దని తీర్మానం చేసింది. పురోహితుడికీ, మీ పెద్దమ్మలకూ ముందు రోజే చెప్పేయండి. పెద్దవాళ్లంతా చుట్టూ చేరాక ఆమెకు నోరు లేవదు.

కర్మలయ్యాక మీరు మీ ఇంటికి వెళ్లిపోతారు, వాళ్లిద్దరూ ఒకే కప్పు కింద ఉండాలి. కొన్నాళ్లపాటు వీలైనప్పుడల్లా వెళ్లి వస్తూ ఉండండి. వెళ్లినప్పుడు ముందు వదిన గదిలోకి వెళ్లండి, ఆ తర్వాతే అమ్మ దగ్గరకు.