ఒడిశాలోని మా బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లలో చేత్తో ఉత్తరాలు రాయడం ఎందుకు పోయింది?

ఫోన్ వచ్చింది కాబట్టి అని అందరూ అంటారు, అది నిజమే, మొదట ఎస్టీడీ బూత్‌లు, తర్వాత సెల్, ఇప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. ఖర్చు మాత్రం కారణం కాదండి, పోస్టు కార్డు 50 పైసలే, ఇన్‌ల్యాండ్ లెటర్ రెండున్నర.

కానీ మా వైపు ఇంకో కారణం ఉంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మేం ఇటు ఉండిపోయాం, చుట్టాలు చాలామంది శ్రీకాకుళం, టెక్కలి వైపు, అందుకే ఉత్తరమే దారి. ఇప్పుడు పిల్లలు ఒడియా, ఇంగ్లీష్ మీడియంలో చదువుతున్నారు, ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు గానీ అక్షరాలు రావు, ఇంక ఉత్తరం ఎలా రాస్తారు చెప్పండి?

మా అమ్మమ్మ ఇన్‌ల్యాండ్ లెటర్లు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. "ఉభయ కుశలోపరి" అని మొదలుపెట్టి, చోటు అయిపోతే అంచుల చుట్టూ, మడత పెట్టే చోట కూడా సన్నగా రాసేసేది, జిగురు దగ్గర చింపేటప్పుడు ఒక లైన్ పోయేది. శుభలేఖకైతే నాలుగు మూలలా పసుపు.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే పిల్లల చేత వాళ్లకి కనీసం ఒక కార్డు తెలుగులో రాయించండి, తప్పులున్నా పర్లేదు.