అల్లుడూ, పాయింట్లు పెంచితే వైఫై పెరగదు

అల్లుడూ,

నయీంనగర్ హాస్టల్ గురించి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. అంతస్తుకు నాలుగు యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) పెట్టినా రాత్రయితే నెట్ నడవట్లేదని పిల్లల గొడవ ఆగట్లేదు, ఇంకో నాలుగు పెడదామని ఓనర్ అంటున్నాడు, అంతే కదా. పెట్టకు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూస్తే ఉన్నవాటిలోనే కొన్ని పీకేయాలనిపిస్తోంది.

ముందు ఇది బుర్రలో పెట్టుకో. ఒకే ఛానల్ (సిగ్నల్ నడిచే దారి) మీద ఉన్న పాయింట్లు, వాటిని పట్టుకున్న ఫోన్లు అన్నీ కలిసి వంతులేసుకుని మాట్లాడాలి, ఒకటి పంపుతుంటే దాని మాట వినబడే దూరంలో ఉన్నవన్నీ నోరు మూసుకుని ఆగుతాయి. అందుకని నాలుగింటినీ ఛానల్ 6 మీద పెడితే నాలుగింతల స్పీడు రాదు, ఒక్కదాని స్పీడే నాలుగూ పంచుకుంటాయి. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా కనబడతాయి, ఓనర్లు మోసపోయేది అక్కడే.

నీ స్క్రీన్‌షాట్‌లో ఒకటి 3 మీద, ఇంకోటి 8 మీద ఉన్నాయి. ఖాళీగా ఉన్నాయి కదా అని పెట్టి ఉంటావు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, అంటే ఆ ఛానళ్ల గుంపులో, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. అదే ఛానల్ అయితే కనీసం వంతు కోసం ఆగుతాయి, సగం సగం కలిసే ఛానల్ అయితే అవతలి మాట అర్థం కాదు, ఉత్త చప్పుడే, ఒకే గల్లీలో రెండు బరాత్‌ల డీజేలు ఎదురుపడ్డట్టు. పైగా స్లాబ్‌లోంచి 2.4 దిగుతుంది, అంటే పై అంతస్తు పాయింట్ కూడా నీ లెక్కలోకే వస్తుంది, పక్క హాస్టల్ రౌటర్లు సరేసరి. అంతస్తులో సగం పాయింట్లకు 2.4 రేడియో ఆపెయ్, భయపడకు, ఏం కాదు.

అసలు బండి 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద నడవాలి. అక్కడ ఛానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టి వదిలేశావు. ఈ బ్యాండ్‌లో కొన్ని ఛానళ్లు రాడార్లు కూడా వాడతాయి, ఆ వెడల్పులో ఆ గొడవ లేనివి రెండే ఛానళ్లు, 36 దగ్గర ఒకటి, 149 దగ్గర ఒకటి. ఇన్ని పాయింట్లకు రెండా? 20కి దించు, 36 నుంచి 48 దాకా నాలుగు, 149 నుంచి 165 దాకా అయిదు, మొత్తం తొమ్మిది చేతికొస్తాయి. స్పీడ్ టెస్ట్‌లో అంకె తగ్గుతుంది, ఓనర్‌కు ముందే చెప్పు, కానీ యాభై మంది ఒకేసారి క్లాస్ వీడియో చూస్తే ఆగకుండా నడిచేది ఇదే. మధ్యలో 52 నుంచి ఉన్నవీ వాడుకోవచ్చు, కాకపోతే రాడార్ వినబడితే పాయింట్ ఆ ఛానల్ ఖాళీ చేయాల్సిందే, అప్పుడు ఫోన్లు కాసేపు తెగుతాయి.

పవర్ ఎందుకు ఫుల్ పెట్టావు? పాయింట్ గట్టిగా అరిస్తే ఫోన్‌కు వినబడుతుంది సరే, చిన్న ఫోన్ అంత గట్టిగా జవాబు ఇవ్వగలదా? పవర్ దించు, 2.4ను 5 కన్నా ఆరేడు డీబీ (డెసిబెల్) తక్కువ ఉంచు. మూడు డీబీ తగ్గిస్తే పవర్ సగమవుతుందని లెక్క.

ఇక పిల్లవాడు మెస్‌కు వెళ్లినా ఫోన్ పైన గది దగ్గరి పాయింట్‌నే పట్టుకుని వేలాడుతుందన్నావు. ఎప్పుడు మారాలో తేల్చేది ఫోనే, మన పాయింట్ కాదు. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70 డీబీఎంకు (సిగ్నల్ బలం కొలత) దిగితే గానీ ఇంకోదాన్ని వెతకదు. పాత పాయింట్ ఫుల్ పవర్‌లో అరుస్తుంటే అది ఎందుకు వదులుతుంది చెప్పు? పవర్ తగ్గిస్తే ఈ తలనొప్పి సగం పోతుంది. అన్ని పాయింట్లనూ ఒకచోటి నుంచి నడిపే కంట్రోలర్‌లో కే, వీ అనే సెట్టింగులు (802.11k, 802.11v) ఆన్ చెయ్, దగ్గరి పాయింట్ల లిస్టు ఫోన్‌కు అందుతుంది. ఫోన్ త్వరగా పాయింట్ మారడానికి ఉన్న ఆర్ (802.11r) మాత్రం పాత ఫోన్లతో పేచీ పెడుతుంది, ఒక అంతస్తులో పెట్టి చూశాకే మిగతా చోట్ల పెట్టు.

అంతస్తుకో వైఫై పేరు, వార్డెన్‌కో పేరు, గెస్టులకో పేరు అంటే ఒప్పుకోకు. ఒక్కో పేరు కోసం ప్రతి పాయింట్ సెకనుకు దాదాపు పదిసార్లు నేనున్నానని చాటుతుంది, అదీ అన్నిటికన్నా నెమ్మది స్పీడులో. రెండు పేర్లు చాలు. 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ అనే పాత నెమ్మది స్పీడులు కూడా తీసెయ్. పాత రౌటర్ ఏదైనా పాయింట్‌గా వాడుతుంటే దాని డీహెచ్‌సీపీ (ఫోన్లకు ఐపీ, అంటే నెట్‌వర్క్ అడ్రసు, ఇచ్చే పని) ఆపు, ఐపీలు ఒక్కచోటి నుంచే రావాలి.

కారిడార్‌లో పాయింట్లు వరుసగా ఉంటే ఒకదాన్నొకటి చూసుకుంటూనే ఉంటాయి, గదుల్లోకి మార్చు, పై అంతస్తుది కింది దాని నెత్తి మీద పడకుండా చూడు. ప్రతిదానికీ కేబుల్ లాగు, మెష్ అని వైర్ లేకుండా కలిపితే పాయింట్లు తమలో తాము మాట్లాడుకోవడానికే గాలి అయిపోతుంది. బయట గోడ మీదుగా పోయే కేబుల్ పైపులో వెయ్, మన దగ్గర కోతుల సంగతి తెలుసు కదా. పాయింట్లకు కరెంటంతా ఒకే పోఈ స్విచ్ (నెట్ కేబుల్‌లోంచే కరెంటు పంపే పెట్టె) నుంచి ఇస్తే, పాయింట్లు ఆగకుండా దానికొక్కదానికి ఇన్వర్టర్ కలిపితే సరిపోతుంది.

కొత్త తరం వైఫై 7 పాయింట్లు కొనండి, వాటంతట అవే సర్దుకుంటాయని దుకాణంలో చెప్తారు. పాయింట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని పవర్, వంతులు సర్దుకునే పద్ధతి ఆ తర్వాత రాబోయే వైఫై 8 కోసం రాస్తున్నారు. అప్పటిదాకా ఆ సర్దుబాటు నువ్వే చేయాలి.

అన్నీ మార్చాక పగలు టెస్ట్ చేసి వచ్చేయకు. రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ నిండాక వాట్సాప్ కాల్ పెట్టుకుని మెస్ నుంచి మేడ దాకా నడువు, ఎక్కడ మాట తెగితే అక్కడి పాయింట్ పేరు, ఛానల్, డీబీఎం రాసి నాకు పంపు. బిల్లు ఆ తర్వాతే ఇవ్వు.

మామ