కడప ఎండల్లో, పల్లేరుకాయల దారుల్లో కొత్త రకం సైకిల్ నిలుస్తుందా?

మీరు కడపలోనే ఉంటానన్నారు. నలభై వేల లోపు సైకిల్ కొనాలనుకుంటే షాపులో ట్యూబ్‌లెస్ టైర్లు, ఆయిల్ డిస్కు బ్రేకులు, ముందువైపు ఒకే పళ్లచక్రం ఉన్నది చూపించారట. ఇవన్నీ మన ఎండకూ ముళ్లకూ ఆగుతాయా, లేక చిన్నప్పటి పద్ధతి సైకిలే మేలా అని అడిగారు.

ఎనిమిదేళ్లుగా ఈ ఊళ్లో గేరు సైకిల్ తొక్కుతున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, మెకానిక్‌ను కాను. తెలిసిన నాలుగు ముక్కలూ భాగాలు పాడుచేసుకుని తెలుసుకున్నవే. కొత్త సరుకు ఏది వచ్చినా మనసులో ఒక దృశ్యం ఊహించుకుంటాను: ఏప్రిల్ నెల, పొద్దున పదకొండు, గువ్వలచెరువు ఘాటులో ఏదో మలుపు దగ్గర ఈ భాగం చెడింది. ఇంటికి ఎలా చేరతాను? ఆ పరీక్షలో ట్యూబ్‌లెస్ టైర్లు నెగ్గాయి. ఒకే పళ్లచక్రం సునాయాసంగా నెగ్గింది. ఆయిల్ బ్రేకులు ఒక షరతు మీద నెగ్గాయి. బ్యాటరీతో మారే గేర్లు మాత్రం నా వరకు నెగ్గలేదు.

వీటన్నిటికన్నా ముందు సైజు సంగతి చెప్పాలి. నాకు మొదటి దెబ్బ తగిలింది అక్కడే. సైకిల్ కొన్న ఏడాదికి వెనక టైరు పక్కగోడ చీలింది. దాని మీద 700 అని ఉంది. ఒక దుకాణంలో అడిగితే "అది మన ఇరవై ఎనిమిదే సార్" అంటూ టైరు తీసి చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి ఎక్కిస్తే, చెల్లెలి చేతికి అక్క గాజు వేసినట్టు రిమ్ము మీద వదులుగా తిరిగింది. మన పాత నల్ల సైకిళ్లకు వేసే 28 × 1½ టైరు అంచు వ్యాసం 635 మిల్లీమీటర్లు. 700 టైరుది 622. పేర్లు దగ్గరగా ఉన్నాయి కానీ మధ్యలో 13 మిల్లీమీటర్లు ఉన్నాయి. టైరు పక్కన చిన్న అంకెల్లో 40-622 అనో, 54-584 అనో అచ్చు వేసి ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది అంచు వ్యాసం. ఈ రెండో అంకె చెప్పి కొనండి, అంగుళాల మాట ఎవరు చెప్పినా నమ్మకండి. కొండ సైకిళ్ల 29 అంగుళాల టైరుదీ 622యే. అదే ఇరవై ఆరు అనే పేరుతో 559 ఉంది, 590 కూడా ఉంది. మీరు చూసిన సైకిల్ టైరు మీద ఏముందో ఫొటో తీసుకుని, కడపలోనో ప్రొద్దుటూరులోనో ఆ అంకె టైరు దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టండి. వెడల్పు 38కి తగ్గకుండా చూసుకోండి.

ఇక ముళ్లు. ఎండిన పల్లేరుకాయను ఎప్పుడైనా అరచేతిలో పెట్టుకుని చూశారా? శనగగింజ కన్నా కొంచెం పెద్దది. ఎండితే ఐదు పలుకులుగా విడిపోతుంది. ఒక్కో పలుకుకు రెండు పెద్ద ముళ్లు, వాటి కింద మరో రెండు చిన్నవి. నేల మీద ఎటు తిప్పి పడేసినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ఒక అక్టోబరు ఉదయం సిద్ధవటం దారిలో పెన్న ఫొటో తీద్దామని సైకిల్‌ను రోడ్డు దించి పది అడుగులు నడిపించాను, అంతే. ఏడు రోడ్ల దగ్గర నాకు అలవాటైన పంచరు షాపు ఒకటుంది. అక్కడి భాయ్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, పదకొండు వరకు లెక్కపెట్టి, ఆపేశాడు. "ఇన్ని ప్యాచీలు వేస్తే ట్యూబు కంటే ప్యాచీలే బరువు సార్" అన్నాడు. ఆ వారమే ట్యూబ్‌లెస్‌కు మారాను.

ట్యూబ్‌లెస్ అంటే రిమ్ము లోపల గాలి పోని టేపు వేసి, టైరు అంచును రిమ్ముకు బిగిసేలా కూర్చోబెట్టి, లోపల లేటెక్స్ పాలు పోయడం. మర్రికొమ్మ తుంచితే పాలు కారి అక్కడే గట్టిపడతాయి కదా, ఇదీ అంతే. ముల్లు దిగిన చోటికి పాలు చేరి గడ్డకట్టి కన్నం పూడుస్తాయి. కొండ సైకిళ్లలో ఈ తరహా టైర్లు 1999 నుంచే ఉన్నాయి, కాబట్టి కొత్తది కదా అని జంకాల్సిన పని లేదు. 40 వెడల్పు టైరుకు 60 నుంచి 70 మిల్లీలీటర్లు చాలు. కొండ సైకిల్ లావు టైరుకు 100 దాకా పడుతుంది. పోసే ముందు సీసాను బాగా కుదపాలి, పూడ్చే రేణువులన్నీ అడుగునే ఉంటాయి.

మన ఎండ దగ్గరే పేచీ. సీసా మీద రెండు నుంచి ఆరు నెలలు అని రాసి ఉంటుంది. మార్చి నుంచి జూన్ వరకు నా టైర్లలో ఐదారు వారాలకే ఆ పాలు ఎండి, టైరు లోపల రబ్బరు పొరలా అంటుకుపోతున్నాయి. చక్రం ఊడదీసి చెవి దగ్గర ఊపి చూడండి, కొబ్బరికాయలో నీళ్లున్నాయా అని చూసినట్టు. చప్పుడు లేకపోతే పాలు లేవు. సైకిల్‌ను మిద్దె మీద రేకుల కింద పెట్టేవాళ్లకు ఇంకా త్వరగా ఎండుతాయి. నాది హాల్లోనే ఉంటుంది, ఆ విషయమై ఇంట్లో ఇప్పటికీ చర్చ నడుస్తూనే ఉంది.

టైరును మొదటిసారి కూర్చోబెట్టడానికి చేతిపంపు చాలదు. ఒక్కసారిగా గాలి దూసుకురావాలి. రిమ్ము అంచులకు సబ్బునీళ్లు పూసి, వాల్వు లోపలి పుల్లను ఊడదీసి, భాయ్ దగ్గరి కంప్రెసరు గాలి తుపాకీ మొనను నేరుగా ఆనిస్తాను. 'టప్' అని ఒక పక్క, మరో క్షణానికి 'టప్' అని రెండో పక్క. ఆ రెండు చప్పుళ్లు వినగానే ఆపేయాలి. లారీ టైర్లకు పెట్టిన ఒత్తిడిని అలాగే వదిలితే మన రిమ్ము తట్టుకోదు. రిమ్ము మీదా టైరు మీదా రాసిన గరిష్ఠాల్లో తక్కువదే మీ హద్దు. అంచుకు కొక్కెం లేని కొత్త రకం రిమ్ములకు మామూలుగా 72 పీఎస్‌ఐ దాటకూడదు. నా బరువు 75 కిలోలు, 40 వెడల్పు టైరులో 40 పీఎస్‌ఐ కొట్టుకుంటాను. సన్నటి వాల్వుకు బైకుల షాపు గొట్టం పట్టదు, దానికి ఇత్తడి మూత లాంటి అడాప్టరు వస్తుంది. పదుల రూపాయల వస్తువే, జేబులో ఒకటి ఉంచుకోండి.

ట్యూబ్‌లెస్ వేసినా విడి ట్యూబు ఒకటి వెంట ఉండాల్సిందే. పాలు పూడ్చలేనంత కోత పడితే ముందు రబ్బరు పీచు దూరుస్తాం, బైకు టైర్లకు దూర్చేదే, కొంచెం సన్నది. అదీ నిలవకపోతే ట్యూబు. అయితే పాలు పూడ్చిన పాత ముళ్లన్నీ టైరులోనే విరిగి ఉంటాయి. టైరు లోపల చేత్తో నెమ్మదిగా తడిమి వాటిని ఏరకుండా ట్యూబు వేస్తే మొదటి కిలోమీటరులోనే అది పోతుంది. యర్రగుంట్ల వైపు తొక్కేవాళ్లు తీగల కోసం కూడా చూడాలి. పగిలిన లారీ టైర్ల నుంచి రాలిన వెంట్రుకంత ఉక్కు తీగలవి. కంటికి కనబడవు, వేలికే తెలుస్తాయి.

ఆయిల్ డిస్కు బ్రేకులకు షరతు ఉందన్నాను. అది మీ బ్రేకు ఏ ఆయిల్ తాగుతుందో మీకు తెలిసి ఉండడం. మూడేళ్ల కిందట వెనక బ్రేకు మెత్తబడితే బైకులు బాగుచేసే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బైకు బ్రేకుల్లో పోసే డాట్ ద్రవం పోశాడు. నాది మినరల్ ఆయిల్ బ్రేకు. పక్కనే నిలబడి టీ తాగుతూ అంతా చూశాను, కాబట్టి తప్పులో సగం నాది. వారం రోజులు బ్రహ్మాండంగా పట్టింది. ఆ ఆదివారం ఘాటు ఎక్కి గువ్వలచెరువులో పాలకోవా కట్టించుకుని దిగుతున్నాను. రెండో మలుపులో నొక్కిన లివరు తిరిగి రాలేదు. లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోయాయి. వెనక ప్యాడ్లు డిస్కును పట్టుకుని వదలలేదు. వెనక చక్రాన్ని ఎత్తిపట్టి, పక్కన లారీలు దిగుతుంటే, ఘాటు కింది దాకా నడిచాను. లివరూ, చక్రం దగ్గరి బ్రేకు దిమ్మా రెండూ మార్చాల్సి వచ్చింది. షిమానో, టెక్ట్రో బ్రేకులు మినరల్ ఆయిల్‌వి. స్రామ్‌లో ఎక్కువ భాగం డాట్ ద్రవానివి, ఈమధ్య కొన్ని మినరల్ ఆయిల్‌వి వచ్చాయి. లివరు మూత మీద ఏది పోయాలో అచ్చు వేసే ఉంటుంది. మెకానిక్ సీసా మూత తీసే ముందే అది చదవండి.

ఈ షరతు పాటించడం కష్టమనిపిస్తే తీగతో పనిచేసే డిస్కు బ్రేకులు తీసుకోండి, చిన్నతనమేమీ కాదు. తీగ తెగితే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఘాటు దిగుడులో మాత్రం ఏ డిస్కైనా పాత రిమ్ము బ్రేకు కన్నా మేలు, ఎందుకంటే వేడి టైరు పక్కన పుట్టదు. బ్రేకును దారంతా కొద్దికొద్దిగా పట్టి ఉంచకండి. మలుపుకు ముందు గట్టిగా నొక్కి వదిలేయండి, డిస్కు చల్లారడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. ప్యాడు మీద పదార్థం అర మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చేయాలి. డిస్కు మీద రెజిన్ ప్యాడ్లు మాత్రమే అని రాసి ఉంటే లోహపు ప్యాడ్లు వేయకూడదు. చక్రం ఊడదీసి బస్సు డిక్కీలో పెట్టేటప్పుడు ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క దూర్చండి. ఎవరి చేయో తగిలి లివరు నొక్కుకుంటే ప్యాడ్లు దగ్గరికొచ్చి బిగుసుకుంటాయి, మళ్లీ చక్రం ఎక్కదు.

చైను విషయంలో నాకు కొంచెం పిచ్చి ఉంది, భరించండి. నాపరాళ్ల పాలిష్ పొడి, సిమెంటు లారీల దుమ్ము, వాటితో లేచే ఇసుక, ఇదీ మన దారుల్లో గాలి. నాపరాతి పొడి మెత్తనిదే, ఇసుక రేణువు అలా కాదు. నూనె పూసిన చైనుకు ఆ ఇసుక అంటుకుంటే సాన పట్టినట్టు ఉక్కు అరుగుతుంది. అందుకే మైనానికి మారాను. కొత్త చైనును పెయింటు షాపులో దొరికే టర్పెంటైన్‌లో రెండు మూడు సార్లు జాడించి కంపెనీ గ్రీజు పూర్తిగా వదిలించాలి. ఇది ఆరుబయట, పొయ్యికి దూరంగా చేయాల్సిన పని. తర్వాత మరిగే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి పారఫిన్ మైనం కరిగించాలి, మంట మీద నేరుగా పెట్టకూడదు. ఆరిన చైనును అందులో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా కదుపుతూ ఉండాలి. తీసి వేలాడదీస్తే చల్లారి కర్రలా బిగుసుకుంటుంది, లింకు లింకూ చేత్తో విరిచి వదులు చేయాలి. మూడు వందల కిలోమీటర్లు తొక్కాక కూడా చైను పట్టుకుంటే చేతికి నలుపు అంటదు. మా ఆవిడ మాత్రం పులుసు గిన్నెలో చైను ఉడకబెట్టే కొంప ఇదొక్కటేనంటుంది. ఆ గిన్నె ఇప్పుడు నాదే.

చైను అరిగిందో లేదో చూడటానికి ఉక్కు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్య నుంచి పన్నెండు పూర్తి లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను మార్చండి. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే వెనక పళ్లచక్రాలు కూడా మార్చాల్సిందే, వాటి ధర చైనుకు ఎన్నో రెట్లు.

ముందు ఒకే పళ్లచక్రం మంచిదే. చెడడానికి ఒక గేరు యంత్రం తగ్గింది, అదే లాభం. ముందు 32 పళ్లు, వెనక అన్నిటికన్నా పెద్దది 42 ఉంటే గువ్వలచెరువు ఘాటు కూర్చునే ఎక్కవచ్చు. వెనక పళ్లచక్రాల గుత్తి మరతో బిగించే ఫ్రీవీలా, గాడుల మీదికి జారించి బిగించే క్యాసెట్టా అని అడగండి. ఫ్రీవీలు పద్ధతిలో కుడివైపు బేరింగు లోపలికి ఉండటం వల్ల ఇరుసు వంగే అవకాశం ఎక్కువ. షిమానో 2023లో తెచ్చిన క్యూస్ (CUES) అనే గేర్ల వరస మీ బడ్జెట్‌లో కనబడితే ఆలోచించవచ్చు. పళ్లు మందంగా ఉంటాయి, 9, 10, 11 గేర్ల రకాలన్నిటికీ ఒకే చైను సరిపోతుంది. పాత 9 గేర్ల మీటతో మాత్రం అది కలవదు. షిమానో బ్యాటరీ గేర్లు 2009 నుంచి ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ మీ సైకిల్ ధర వాటికే అయిపోతుంది.

చిన్నప్పుడు ఏడాదికోసారి సైకిల్‌ను ఓవరాయిలింగ్‌కు ఇచ్చేవాళ్లం గుర్తుందా? కిరసనాయిలు పళ్లెంలో బేరింగు గుళ్లు కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించేవారు. ఇప్పటి చక్రాల్లో చాలావాటికి గుళ్లు విడిగా రావు, మూసిన బేరింగు వస్తుంది. అరిగితే పీకి కొత్తది కొట్టడమే. దాని అంచు మీద 6001, 6902 లాంటి నంబరు చెక్కి ఉంటుంది. సైకిల్ షాపులో లేకపోతే మోటార్లకు బేరింగులు అమ్మే దుకాణంలో అదే నంబరు అడగండి, చాలాసార్లు దొరుకుతుంది.

ఇప్పుడే కొంటే వానాకాలానికి ముందే ట్యూబ్‌లెస్ చేయించుకోండి. వానలు పడ్డాక రోడ్డు అంచున నేలకు పరుచుకుని, ఐదు రేకుల చిన్న పసుపు పూలు కనిపిస్తాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. అదే పల్లేరు, ఫొటో తీసుకోవాలంటే సైకిల్‌ను తారు మీదే నిలిపి దిగండి.