సర్వర్ బూట్ అవ్వలేదని టెస్టింగ్‌కి మారిపోవాలా?

ప్రశ్న: ఖమ్మంలో బీఎస్సీ కంప్యూటర్స్ చివరి ఏడాది. లినక్స్ నేర్చుకుంటున్నాను. ప్రాక్టీస్ సర్వర్‌కి కొత్త డిస్క్ కలిపి రీబూట్ చేస్తే ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. ఏం చేయాలో తెలియక మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఈ సర్వర్ అడ్మిన్ లైన్ నాకు పడదేమో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి మారనా సర్?

జవాబు: మారొద్దమ్మా. టెస్టింగ్ ఇష్టమై వెళ్తే అది వేరే మాట, భయపడి మాత్రం వెళ్లకు.

నీకు జరిగింది చాలావరకు ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌ని ఎక్కడ కలపాలో చెప్పే జాబితా) తప్పే అయి ఉంటుంది. డిస్క్ యూయూఐడీలో, అంటే దాని గుర్తింపు నంబర్‌లో, ఒక్క అక్షరం తేడా పడినా, లినక్స్‌ని లేపే సిస్టమ్‌డీ ఆ డిస్క్ కోసం 90 సెకన్లు చూసి, దొరక్క, రూట్ పాస్‌వర్డ్ అడుగుతూ ఆగిపోతుంది. అంటే సర్వర్ చచ్చిపోలేదు, నిన్ను పిలుస్తోంది! పాస్‌వర్డ్ కొట్టి లోపలికెళ్లు, రూట్ ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీగా ఉంటే రాయడానికి వీలయ్యేలా రీమౌంట్ చెయ్యి, ఎఫ్‌స్టాబ్‌లో ఆ లైన్‌ని సిస్టమ్ పట్టించుకోకుండా ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టి రీబూట్ చెయ్యి, అంతే, రీఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఇకమీదట ఆ ఫైల్ ముట్టుకున్న ప్రతిసారీ రీబూట్‌కి ముందే 'మౌంట్ మైనస్ ఏ' (mount -a) కమాండ్ కొట్టి చూడు, తప్పుంటే అప్పుడే తిడుతుంది. డేటా డిస్క్ అయితే 'నోఫెయిల్' అని కూడా రాయి, అది దొరక్కపోయినా మెషీన్ లేస్తుంది.

ఇవి చిన్న విషయాలు అనుకోకు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పు కాన్ఫిగరేషన్ ఫైల్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి, చాలావాటికి బూట్ అవ్వడమే కుదరలేదు. హైదరాబాద్ నుంచి వెళ్లే ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు ఎంతోమంది అడ్మిన్లు ఒక్కో మెషీన్‌నీ సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్లి ఆ ఫైల్ తీసేస్తూ కూర్చున్నారు. నువ్వు నేర్చుకుంటున్నది ఆ పనే.

అందుకే ఇప్పుడు కావాలనే పాడుచెయ్యి, కాకపోతే స్నాప్‌షాట్ (వెనక్కి తెచ్చుకునేలా సర్వర్ నకలు) తీసుకున్నాకే. లినక్స్ భద్రతా వ్యవస్థ ఎస్‌ఈలినక్స్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో టైప్ (SELINUXTYPE) అనే లైన్‌లో పొరపాటున 'ఎన్‌ఫోర్సింగ్' అని రాస్తే బూట్ మధ్యలో గడ్డకట్టుకుపోతుంది, చాలామంది చేసే తప్పు ఇది. బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో 'ఈ' (e) నొక్కి, కెర్నల్ లైన్ చివర 'ఎన్‌ఫోర్సింగ్=0' చేర్చి లేపి, ఆ ఫైల్ సరిచెయ్యి. క్లౌడ్ సర్వర్ అయితే ఇంకో పద్ధతి: దాన్ని ఆపి, రూట్ డిస్క్ విడదీసి, వేరే సర్వర్‌కి తగిలించి బాగుచేయడం. చేసిన ప్రతిదానికీ స్క్రీన్ మీద ఏం వచ్చింది, కారణమేంటి, ఏం చేశావు అని ఒక నోట్స్ రాసుకో. "సర్వర్ లేవడం లేదు, మొదట ఏం చూస్తావు?" అని ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు, అప్పుడు బట్టీ పట్టిన జవాబైతే ఇట్టే బయటపడిపోతుంది.

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ కంపెనీ ఇచ్చే లినక్స్ అడ్మిన్ సర్టిఫికెట్) రాయాలనుకుంటే, అది పూర్తిగా ప్రాక్టికల్ పరీక్ష, 300కి 210 రావాలి, చేసిన సెట్టింగ్‌లన్నీ రీబూట్ తర్వాత కూడా నిలవాలి. ఫీజు మన ఇళ్లలో తక్కువ మొత్తమేం కాదు, కాబట్టి ఎవర్నీ అడగకుండా, గూగుల్ చూడకుండా ఎఫ్‌స్టాబ్, ఎస్‌ఈలినక్స్ తప్పులు రెండూ సరిచేయగలిగినప్పుడే కట్టు.