ఇంటిపేరుకి అపాస్ట్రఫీ ఎప్పుడు పెట్టాలంటే

ఇంగ్లీషు గ్రీటింగ్ కార్డు కింద జోన్స్ ఫ్యామిలీ మొత్తం తరఫున పేరు రాయాలి, అపాస్ట్రఫీ (అక్షరం పైన పక్కగా పెట్టే ' గుర్తు) ఎక్కడ పెట్టాలి అని అడిగారు కదా, అసలు పెట్టక్కర్లేదండి. అక్కడ మీరు చెప్తున్నది ఆ ఇంట్లో వాళ్ళందరూ అని మాత్రమే, ఏదో వాళ్ళ సొంతం అని కాదు కాబట్టి ఉత్త బహువచనం చాలు. స్మిత్ అయితే చివర ఎస్ తగిలిస్తే స్మిత్స్, అయిపోయింది. జోన్స్ లాగా పేరే ఎస్ తో ముగిస్తే ఈ, ఎస్ అక్షరాలు (es) రెండూ కలిపి జోన్సెస్ (Joneses) అవుతుంది, ఎక్స్, జడ్, ఎస్‌హెచ్ తో ముగిసే పేర్లకీ ఇదే రూల్. కెనెడీ లాంటి పేర్లలో చివరి వై ని తీసేసి ఐఈఎస్ పెట్టేయకండి, మనిషి పేరు స్పెల్లింగ్ మార్చకూడదు, వై పక్కన ఎస్ అంతే.

వాళ్ళ ఇల్లు, వాళ్ళ కారు అనాల్సి వచ్చినప్పుడే అపాస్ట్రఫీ. ముందు బహువచనం పూర్తిగా రాసేసి ఆ చివరి ఎస్ దాటాక పెట్టండి, అంటే జోన్సెస్ మొత్తం రాసి చివర గుర్తు (Joneses'), దాని తర్వాత ఇంకో ఎస్ వద్దు. చాలామంది జోన్స్ లో ఈ కి ఎస్ కి మధ్యలో దూర్చేస్తారు (Jone's), అప్పుడు ఇంటిపేరే జోన్ అయిపోతుంది, అది మరీ ఘోరం. ఒక్క స్మిత్ గారిదే అయితే మాత్రం పేరు, గుర్తు, ఆ తర్వాత ఎస్.

గేటు మీద నేమ్ బోర్డుకి రెండూ నడుస్తాయి, నేనైతే గుర్తు లేకుండానే రాయిస్తా. ఇదంతా తలనొప్పి అనుకుంటే ది జోన్స్ ఫ్యామిలీ అని రాసేయండి, ఏ గుర్తూ అక్కర్లేదు.