ఆటస్థలానికి ముందు ఏమీ కొనవద్దు

చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులు.

బడి ఆవరణలో ఆటస్థలం బాగుచేయదలచానని, ముందుగా ఏ పరికరాలు కొనాలని అడిగావు. ఇప్పుడే ఏమీ కొనవద్దమ్మా. ఒక వారం పాటు విరామ సమయంలో వరండాలో నిలబడి, పిల్లలు ఎక్కడ గుమిగూడుతున్నారో, ఎవరు గోడవారగా ఉండిపోతున్నారో నోరు మెదపకుండా గమనించు.

డబ్బు వృథా చేసుకున్నాకే నాకీ సంగతి తెలిసింది. నేను బడి బాధ్యతలో ఉండగా చందాలు పోగుచేసి ఒక ఇనుప జారుడుబల్లను ఎండలో పాతించాను. పదకొండు గంటలయ్యేసరికి రేకు కాలిపోయేది. ఎక్కినవాళ్లు అరచేతులు ఊదుకుంటూ దిగిపోయేవారు. దాని పునాదికి తెప్పించగా మిగిలిన ఇసుక మాత్రం చెట్టునీడన కుప్పగా ఉండిపోవడంతో పిల్లలంతా అక్కడే చేరి, సొరంగాలు తవ్వి, సీసాలతో నీళ్లు మోసుకొచ్చి కాలువలు పారించి, గట్టు తెగినప్పుడల్లా కేకలు పెట్టేవారు. డెన్మార్క్ ఉద్యానశిల్పి సోరెన్‌సెన్ కూడా, తాను తీర్చిదిద్దిన ఆటస్థలాలను వదిలి పిల్లలు మరెక్కడెక్కడో ఆడుకోవడం చూసి, పాత సామానుతో ఆడుకునే చోటును ఊహించాడు. అది 1943లో కోపెన్‌హాగన్‌లోని ఎమ్‌డ్రప్‌లో ఏర్పడింది.

కాబట్టి పాత టైర్లు, నునుపు చేసిన చెక్కపలకలు, తాళ్లు, డబ్బాలు, దుప్పట్లు సేకరించు. టైర్లకు అడుగున రంధ్రాలు పెట్టించడం మరిచిపోకు, లేకపోతే వాననీరు నిలిచి దోమలు పెరుగుతాయి. మేకులు, పదును అంచులు, పుచ్చిన కొమ్మలు వారానికోసారి నువ్వే వెతికి తీయించాలి, ఎందుకంటే అవి పిల్లల కంటికి ఆనవు. ఎత్తు మాత్రం వాళ్లకు కనిపిస్తుంది గనుక ఎంతవరకు ఎక్కాలో వాళ్లనే తేల్చుకోనివ్వు.

స్థలం కంటే సమయం దొరకడమే కష్టం. అయిదు నుంచి పదిహేడేళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లెక్కలు పూర్తికాలేదని విరామాన్ని కోసేసే అలవాటు మీ ఉపాధ్యాయులలో ఉంటే మొదట దాన్ని మాన్పించు. కుదురుగా కూర్చోలేని పిల్లవాడికే ఆ శిక్ష తరచుగా పడుతుంది, ఆట అవసరమూ వాడికే ఎక్కువ. చదువు పాడవుతుందనే తల్లిదండ్రులకు, ఆరుబయట గడపడం కళ్లకు మేలని చూపిన చైనాలోని గ్వాంగ్‌జౌ నగర పరిశోధన గురించి చెప్పు: ఒకటో తరగతి పిల్లలకు బడిరోజుల్లో 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ అదనంగా పెట్టి చూస్తే, మూడేళ్లలో హ్రస్వదృష్టి (దూరపువి మసకగా కనిపించే లోపం) కొత్తగా వచ్చినవారు అక్కడ నూటికి దాదాపు 30 మంది కాగా, మామూలు బడుల్లో దాదాపు 40 మంది.

బంతి ఆట మైదానమంతా ఆక్రమిస్తే చిన్నపిల్లలూ, చాలాచోట్ల ఆడపిల్లలూ అంచులకు జరిగిపోతారు. దానికి సగం స్థలమే కేటాయించు. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డకు ఇసుక బల్లఎత్తున అందాలి, అక్కడిదాకా గట్టి బాట ఉండాలి.

సాయంత్రాలు గేటు తెరిచి ఉంచే విషయంలో నీ ఒక్కదానిమీదే భారం వేసుకోవద్దు. చుట్టుపక్కల పెద్దలకు చెట్టుకింద రెండు బెంచీలు వేయించి, తాళంచెవి వంతులవారీగా వాళ్ల చేతికే ఇవ్వు. కాపలా అనే పేరు లేకుండానే కాపలా జరిగిపోతుంది.

వారం గడిచాక ఉత్తరం రాయి. గోడవారగా నిలబడిన పిల్లలు ఎటువైపు చూస్తూ ఉన్నారో అందులో తప్పక రాయి, మొదటి టైరు ఎక్కడ వేయాలో అప్పుడు ఆలోచిద్దాం.

ఇట్లు,
నీ మాస్టారు